పతకము ఊరిది, భారము ఒక యింటిది

ఈ పత్రికయందు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ మాసమున పరుగుపందెములను గూర్చి వ్రాయబూనుట చూచి, "సేద్యగాండ్రకు దీనితో నేమి పని?" యని కొందరు సభ్యులు శంకింపవచ్చును. కాని మేము చెప్పబోవు వృత్తాంతము ఒక బీద కుటుంబము పొలమమ్ముకొనుటతో మొదలై, ఆ పొలము మరల ఆ యింటికి వచ్చుటతో నొక దరి చేరుచున్నది. కనుక ఇది మన వృత్తాంతమే యని సభ్యులు గ్రహింతురు గాక.

వరంగల్లు జిల్లాలో పర్వతగిరి మండలమున కల్లెడ యను గ్రామము కలదు. జీవంజి దీప్తి ఆ గ్రామమున 2003వ సంవత్సరమున జన్మించినది. ఆమెకు పుట్టుకతోడనే బుద్ధివికాసమునందు కొంత లోపముండెను. ముఖము తీరు ఇతర శిశువులవలె లేకుండుటచే ఊరివారును, బంధువులలో కొందరును ఆమెను "పిచ్చిది" యనియు, "కోతి" యనియు పిలిచిరనియు, అనాథాశ్రమమునకు పంపివేయుడని ఉపదేశించిరనియు తల్లి పత్రికలవారితో చెప్పుకొనినది. దీప్తి తాతగారు గతించిన పిమ్మట జీవనము గడువక, ఉన్న పొలమును అమ్ముకొనవలసి వచ్చెను. తండ్రికి దినమునకు దొరకు కూలి 100 రూపాయలో, 150 రూపాయలో. తల్లియు కూలికి పోయి ఇల్లు గడుపవలసిన దినములు గలవు.

అట్టి యింటి బిడ్డ పాఠశాలలో పరుగెత్తుచుండగా వ్యాయామోపాధ్యాయుడు ఆమె వేగమును గుర్తించెను. పిదప శిక్షకుడైన నాగపురి రమేష్ గారి దృష్టి ఆమెపై బడెను. హైదరాబాదునకు పంపుడని వారు చెప్పినపుడు ఆ తల్లిదండ్రులకు బస్సు ఛార్జీలు సమకూర్చుటయు కష్టమయ్యెను. ఎట్లో పంపిరి. పుల్లెల గోపీచంద్ గారి ప్రోత్సాహమును తోడయ్యెను. 2023వ సంవత్సరమున చీనాదేశమందలి హాంగ్‌ఝౌ నగరములో జరిగిన ఆసియా పారా క్రీడలలో ఆమె 400 మీటర్ల పరుగున స్వర్ణపతకము గెలుచుకొనెను. 2024 మే మాసమున జపాను దేశమందలి కోబే నగరములో అదే పరుగును 55.07 సెకండ్లలో ముగించి, తన తరగతిలో ప్రపంచమున నంతకుముందు ఎవ్వరును చేయని వేగమును నెలకొల్పెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో పారిస్ నగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకండ్లకు గమ్యము చేరి కాంస్యపతకము నందుకొనెను. స్వర్ణము పొందిన యువతికిని ఆమెకును నడుమ నుండిన అంతరము ఒక సెకండు కూడ లేదు.

ఆసియా క్రీడల విజయము తరువాత, బహుమానముగా వచ్చిన సొమ్ముతో ఆ కుటుంబము తాము అమ్ముకొనిన నేలను మరల కొనుక్కొనెను. పారిస్ విజయము పిమ్మట తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయల నగదును, వరంగల్లులో 500 గజముల ఇంటి స్థలమును, ఉద్యోగమును ప్రకటించెను. ఇప్పుడు రాష్ట్రమంతయు ఆమె తమ బిడ్డయే యని చెప్పుకొనుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. ఐనను ఇచట మన సభ్యులు ఒక ప్రశ్న వేసికొనవలెను. గెలిచిన దినమున ఆమెను తమదిగా చెప్పుకొనినవారిలో, బస్సు ఛార్జీలకు వెదకికొనిన దినమున ఆ గడప తొక్కినవా రెందరు?

గర్వము రెండు విధములు. పతకము వచ్చిన పిదప కలుగునది యొకటి. దానికి ఖర్చు లేదు, ఎవ్వరైన పడవచ్చును. పతకమను మాట ఊహకైన రాని కాలమున, పదిమంది నవ్వుచుండగా, "ఈమె మా బిడ్డ" యని తలయెత్తి నిలుచుట రెండవది. అనాథాశ్రమమునకు పంపుమను సలహాను త్రోసిపుచ్చిన దినముననే ఆ తల్లిదండ్రులు ఈ రెండవ గర్వమును చూపిరి. ఆమె కోబేలో నెలకొల్పిన వేగమును పారిస్‌లోనే మరియొక దేశపు యువతి మించినది. రికార్డుల స్వభావమే అట్టిది, నేడొకరివి, రేపొకరివి. ఆ యింటివారి గర్వము మాత్రము గడియారపు లెక్కపై నిలిచినది కాదు గనుక, దానినెవ్వరును మించలేరు.

ఇట్టి ఇండ్లు మనకు క్రొత్త కావు. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువునెత్తి కాంస్యపతకము పొంది, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత వనితగా ప్రసిద్ధి కెక్కిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళము సీమకు చెందిన ఆడపడుచు. ఆమె తోబుట్టువులును బరువులెత్తుట అభ్యసించినవారే. ఒకే యింట పలువురు శ్రమించిరి. లోకమునకు తెలిసినది ఒక్క పేరు. పతకము మెడలో వేసికొను బిడ్డ వెనుక, పేరు తెలియని అక్కలు, చెల్లెండ్రు, తమ వంతు పాలు తగ్గించుకొనిన తమ్ములు ఏ యింటనైన నుందురు. ఇంటి గర్వము వారందరి కష్టముతో పెరిగిన పంట.

ఈ కష్టము ఎట్టిదో సేద్యగాండ్రకు విప్పి చెప్పనక్కరలేదు. పరుగెత్తు బిడ్డకు గ్రుడ్లు, పాలు, పప్పు కావలెను. బూట్లు అరిగిన కొలది మార్చవలెను. మండలము నుండి జిల్లాకు, జిల్లా నుండి రాజధానికి ప్రయాణములు కావలెను. అన్నింటికంటె కష్టమైనది వేరొకటి కలదు. నాట్ల దినములలో తల్లియో తండ్రియో బిడ్డను వెంటబెట్టుకొని పోటీలకు పోయినచో, ఆ దినపు కూలి పోవును, సొంత మడిలో పని నిలిచిపోవును. ఈ నష్టము ఏ బహుమతి పట్టికయందును కానరాదు.

సహకారమనగా నేమి? లాభమును పంచుకొనువారు నష్టమును కూడ పంచుకొనుటయే గదా. ఎరువుల బండి వచ్చినపుడు ఇది సంఘమనియు, అప్పు పెరిగినపుడు అది వాని ఖర్మమనియు తలచినచో మన సంఘములు నిలుచునా? బిడ్డల విషయమునను ఈ ధర్మమే చెల్లును. గ్రామమునకు వచ్చిన కీర్తి గ్రామమంతటిదైనచో, దానికైన భారమును గ్రామమంతయు కొంత కొంత మోయవలసినదే.

కావున ప్రతి సంఘమును తన పాలకవర్గపు సభలో ఈ క్రింది విషయములను ఆలోచింపవలెనని మా మనవి. సంఘ లాభములో సర్వజనహితమునకు వెచ్చించుటకు నియమములు అనుమతించినంత మేరకు, మండల జిల్లా పోటీలకు ఎన్నికైన రైతుబిడ్డల, కూలిబిడ్డల ప్రయాణపు ఖర్చుల నీయవలెను. బిడ్డతో పోటీలకు వెళ్లిన తల్లిదండ్రుల పొలమున ఇరుగుపొరుగువారు బదులు పని చేసిపెట్టవలెను. దీనికి రూపాయి ఖర్చు లేదు. ధాన్యపు కాలము ముగిసిన పిదప సంఘపు గిడ్డంగి ఆవరణమును, కళ్లపు నేలను పిల్లలు పరుగెత్తుటకు విడువవలెను.

"సంఘపు సొమ్ము సేద్యమునకు గాని ఆటలకా?" యని యడుగువారుందురు. వారి శంక త్రోసివేయదగినది కాదు. సంఘపు ప్రతి రూపాయి సభ్యుని చెమటయే. అందుచేతనే మేము పెద్ద మొత్తములను కోరుట లేదు. బస్సు ఛార్జీల మాటయే చెప్పుచున్నాము. దీప్తి ప్రయాణము ఆగిపోవలసి వచ్చియుండినచో, అంతటి స్వల్పమైన సొమ్ము లేకనే ఆగిపోయి యుండెడిది.

మరియొక హెచ్చరికయు అవసరము. ఈ వృత్తాంతము విని, పతకముపై ఆశతో ఎవ్వరును పొలమును కుదువబెట్టరాదు. ఆ కుటుంబము పొలమమ్మినది బ్రదుకు గడువక. పందెము కాయుటకు కాదు. పరుగెత్తిన బిడ్డలందరును పారిస్ చేరరు. విత్తిన గింజలన్నియు మొలవవు. ఒక్క యిల్లు తన సర్వస్వమును ఒడ్డినచో ఓటమి ఆ యింటిని కూల్చును. నూరు ఇండ్లు తలకొక పిడికెడు వేసినచో, ఏ బిడ్డ ఓడినను ఏ యిల్లును కూలదు. సంఘము పుట్టినది ఇందుకే.

ఓడి వచ్చిన బిడ్డను గూర్చి కడపటి మాట. జిల్లా పోటీలలో నాలుగవ స్థానము పొంది, సంధ్యవేళ బస్సు దిగి, తలవంచుకొని ఇంటికి నడచు బాలిక మన గ్రామములలో ఎందరో యున్నారు. ఆమె కెవ్వరును దండ వేయరు. సంవత్సరాంతమున జరుగు మహాజనసభలో, గెలిచినవారి పేర్లతోపాటు ఆమె పేరును చదువుడు. ఆ పేరు వినబడినపుడు సభలో వెనుక వరుసను కూర్చున్న తండ్రి ముఖమును ఒక్కసారి చూడుడు. అట్టి గర్వమునకు పతకముతో పనిలేదని సభ్యులకే తెలియగలదు.