ప్రయాణపు సంచియు, పిల్లవాని తుపాకియు

ఊరికి పోవువారందరును కలిసి పోవుదురు గాని, మూటలు గట్టునది మాత్రము ఇల్లాలొక్కతెయే. పయనమైన నాడు తాళపుచెవి కనబడకున్నను, దారిలో బిడ్డకు కడుపునొప్పి వచ్చినను, బండి దిగునప్పుడు పెట్టె పిడి ఊడినను అందరి చూపును ఆమె మీదనే నిలుచును. కావున ప్రయాణపు వస్తువులు కొనుట మగవారి పనియని విడిచిపెట్టక, స్త్రీలు తామే బజారునకు పోయి, చేతితో పట్టి చూచి కొనుట మేలని మా యభిప్రాయము. సెలవులు సమీపించుచున్నవి గనుక ఈ నెల ఉస్మాన్‌గంజ్ బజారు మార్గమున ఏమేమి కొనవచ్చునో, వానిలో ఏది ముందో ఏది వెనుకో ముచ్చటింతము. సెలవులనగానే పిల్లలు కోరుచున్న క్రొత్త ఆటవస్తువు, ఎయిర్‌సాఫ్ట్ తుపాకి యనునది యొకటి గలదు. దానిని గూర్చియు రెండు మాటలు చెప్పక తప్పదు.

హైదరాబాదున మూసీనదికి ఉత్తరపుటొడ్డున అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్, బేగంబజారు అను పేటలు దగ్గరదగ్గరగా నున్నవి. గంజ్ అనగా ధాన్యాది సరకులు టోకుగా అమ్ముచోటు. ఆ పేరునకు తగినట్లు ఉస్మాన్‌గంజ్ వీధులలో నేటికిని సుగంధద్రవ్యములు, ఎండుఫలములు, పప్పుదినుసులు బస్తాలతో దిగుచుండును. సంచులు, పాత్రలు, ఆటవస్తువులు కావలసినవారు ప్రక్కనే యున్న బేగంబజారునకు పోవుదురు. ఇరుకు వీధులు, తోపుడుబండ్లు, తలమీద మూటలతో వచ్చు హమాలీలు, వీరి నడుమ సొంత కారు కంటె మెట్రోబండి యెక్కి పోవుట సుఖము. మహాత్మాగాంధీ బస్సు స్టేషనువద్ద 2020 ఫిబ్రవరి 7 నుండి రెండు మెట్రో మార్గములు కలియుచున్నవి. అచ్చట దిగి నడచి పోవచ్చును.

మన పెద్దలు ప్రయాణము నెట్లు చేసిరో తలచుకొన్నచో నేటి వస్తువుల మర్మము తెలియును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, మరుసటి సంవత్సరము సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఆనాటి బరువు మోయుటకు మనుష్యులు, ఎడ్లు ఉండెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. ఇనుప ట్రంకులు, పరుపుచుట్టలు, మరచెంబులు రైలు కాలపు సొమ్ములు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచినది మొదలు మన మధ్యతరగతి కుటుంబములు సయితము తూకపుకాటాకు భయపడుట నేర్చుకొన్నవి. దారి మారినప్పుడెల్ల పెట్టె మారినది. కాబట్టి పెట్టె కొనుటకు ముందు ఏ బండి యెక్కుదుమో నిర్ణయించుకొనవలయును.

విమానములో చేతిసంచికి సాధారణముగా 7 కిలోలు మాత్రమే అనుమతింతురు. పొడవు, వెడల్పు, లోతు మూడును కలిపి 115 సెంటీమీటర్లు మించరాదని చాల సంస్థల నియమము. ఇక మూడు కిలోల బరువుగల అందమైన పెట్టెను కొన్నచో మన బట్టలకు మిగులునది నాలుగు కిలోలే గదా! కావున దుకాణములోనే ఖాళీ సంచిని తూచి చూడుడు. తూచుటకు వెనుకాడువానివద్ద కొనకుడు. రైలులో నింత ఇబ్బంది లేదు. స్లీపరు తరగతిలోను, మూడవ ఏ.సి. లోను మనిషికి 40 కిలోలు, రెండవ ఏ.సి. లో 50 కిలోలు ఉచితముగా కొనిపోవచ్చును. అయినను మెట్లెక్కి దిగువారు మనమే యని మరువరాదు.

సంచి రంగు చూచి మురియుటకు ముందు నాలుగు పరీక్షలు చేయవలయును. మొదటిది, జిప్పును ఖాళీగా కాక, లోపల ఏవైన కుక్కి, మూలలవద్ద రెండు మూడు మారులు నడపి చూచుట. జిప్పు చెడునది మూలలయందే. రెండవది, పిడిని పూర్తిగా పైకి లాగి ఊపి చూచుట. మూడవది, సంచిని నేలమీద నడపి చక్రము లన్నియు తిరుగుచున్నవో లేదో కనుగొనుట. నాలుగవది, లోపలి వస్త్రమును ఎత్తి కుట్టు చూచుట. బయటి కుట్టు అందరును చక్కగానే కుట్టుదురు. పనితనము తెలియునది లోపలి కుట్టులోనే.

ఇక చిన్న వస్తువులు. ఇవియే మనము కడపట కొనునవి, కొన్నిమారులు మరచునవి. మూడంకెల తాళమునకు మొత్తము వేయి కూర్పులు మాత్రమే యుండును. ఓపికగల దొంగ కది కష్టము కాదు. కావున తాళము మీదనే భారము వేయక, పేరు, ఊరు, ఫోను సంఖ్య వ్రాసిన చీటిని సంచికి వెలుపల నొకటి, లోపల నొకటి పెట్టుడు. వెలుపలి చీటి తెగిపోయినను లోపలిది పలుకును. నల్లసంచులన్నియు నొక్కతీరుననే యుండును గనుక పిడికి పాత చీర అంచు కట్టుట మంచి గుర్తు. మందుల సంచి యొకటి ప్రత్యేకముగా నుండవలయును. అది ఎన్నడును పెద్దపెట్టెలో పోరాదు, చేతిలోనే యుండవలయును.

ఫోనునకు ప్రాణము పోయు పవర్‌బ్యాంకు విమానమున చేతిసంచిలోనే యుండవలయును. అప్పగించు పెట్టెలో పెట్టరాదు. అందలి లిథియము బ్యాటరీ నిప్పు రాజుకొన్నచో మనుష్యులున్న చోటనైన ఆర్పవచ్చును గదా, అందులకే ఈ నియమము. 100 వాట్ అవర్లు దాటని వానికి విడిగా అనుమతి యక్కరలేదు. 20,000 మిల్లీ యాంపియర్ అవర్లని వ్రాసియున్నది సుమారు 74 వాట్ అవర్లగును. ఏమియు వ్రాసియుండని చౌకరకమును కొనకుండుటయే మేలు.

ఉస్మాన్‌గంజ్‌లో దారిబత్తెమునకు జీడిపప్పు, ఖర్జూరములు, ఏలకులు, సోంపు మొదలగునవి కొనవచ్చును. టోకు దుకాణములలో కొద్దికొద్దిగా ఇచ్చుట కొందరికి సమ్మతము గాదు. ఇరుగుపొరుగు నలుగురు కలిసి కొని పంచుకొన్నచో ధర కలిసివచ్చును. కాని విదేశములందున్న బిడ్డలకు పంపువా రొక సంగతి నెరుగవలయును. మన మెంతో మక్కువతో కట్టిపెట్టు ఎండుకొబ్బరిని విమానములలో ప్రమాదకరమైన సరకుగా నెంచుదురు. దానియందలి నూనె గాలి తగిలి తనంతట తానే వేడెక్కి మండుగుణము కలది యగుటయే కారణము. కారప్పొడిని, ఊరగాయలను చేతిసంచిలో పెట్టి తనిఖీవద్ద పారవేయించుకొని కంటతడి పెట్టుటకంటె, చక్కగా బిగించి పెద్దపెట్టెలోనే సర్దుట తెలివి. ఆ దేశపు సుంకపువా రేమేమి ఒప్పుదురో ముందుగా తెలిసికొనుట ఇంకను తెలివి.

ఇప్పుడు పిల్లవాని కోరికకు వత్తము. ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు 1970 ప్రాంతమున జపాను దేశమున పుట్టినవి. అచ్చట సామాన్యులకు నిజమైన తుపాకులు దొరకవు గనుక, చూపునకు నిజమువలె నుండి 6 మిల్లీమీటర్ల ప్లాస్టికు గుండ్లను విసరు బొమ్మలను కల్పించిరి. గుండు బరువు గ్రాములో అయిదవ వంతు. అయినను సెకనుకు నూరు మీటర్ల వేగముతో వచ్చినచో దాని శక్తి ఒక జౌలు. చర్మముమీద ఎర్రని మచ్చ వేసి పోవును గాని కంటికి తగిలినచో కథ వేరు. అందుచేతనే జపానువారు 2006లో చట్టము సవరించి, ఈ శక్తి జౌలునకు కొంచెము లోపుగానే యుండవలెనని కట్టడి చేసిరి. సీసపు గుళ్లు పేల్చు ఎయిర్‌గన్ మరియొక వస్తువు. అది ఇంతకంటె బలమైనది. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టమును, 2016 నాటి నియమములును దాని సంగతి చూచుచున్నవి. రెండును ఒకటేయని దుకాణదారు చెప్పినను నమ్మరాదు.

మన దేశమున 14 ఏండ్ల లోపు పిల్లల ఆటవస్తువులపై ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెనని 2021 జనవరి 1 నుండి నియమము అమలులోనికి వచ్చినది. కావున డబ్బామీద ఆ ముద్రను, ఎన్నేండ్లవారికో తెలుపు అంకెను వెదకుడు. 14 అనియో 18 అనియో వ్రాసియున్నచో అది పదేండ్ల వాని ఆటవస్తువు కాదు. వాడెంత మారాము చేసినను సరే, అంకె అబద్ధమాడదు.

తగిన వయసు గలవానికి కొనదలచినచో మేము చెప్పు వరుస యొకటి గలదు. మొదట కంటి అద్దములు, ఆ తరువాత నోటికి, పండ్లకు తగు ముసుగు, చిట్టచివర తుపాకి. కంటి అద్దములు నాలుగు ప్రక్కల ముఖమున కంటుకొని యుండవలయును. దెబ్బ కాగునని పరీక్షించి జడ్ 87+ గుర్తు వేసినవి దొరకును. మామూలు కళ్లజోడుగాని, ఎండజోడుగాని రక్షణ కాదు. పగిలినచో ఆ ముక్కలే కంటిలో గ్రుచ్చుకొనును. తుపాకికి వేలు పోసి, అద్దములకు వంద రూపాయలవద్ద బేరమాడు తండ్రులను చూచి మాకు నవ్వును వచ్చును, భయమును వేయును. అద్దముల పైకము చాలనినాడు తుపాకియు కొనరాదు. ఇందు రాజీ లేదు.

ఎంత కాపాడినను దెబ్బ తగిలెననుకొందము. కన్ను నులుమనీయరాదు, నొక్కరాదు. చనుబాలు, ఆముదము, తేనె, ఇంటిలోని పాత చుక్కలమందు ఏదియు వేయరాదు. కాగితపు గిన్నెను బోర్లించి, కంటికి తగులకుండ చుట్టునున్న ఎముకమీద ఆనునట్లు అంటించి, పిల్లవానిని కూర్చుండబెట్టి ఆసుపత్రికి కొనిపోవలయును. మెహదీపట్నమున ప్రభుత్వపు సరోజినీదేవి కంటి ఆసుపత్రియు, బంజారాహిల్సునందు ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థయు గలవు. "చూపు కనబడుచున్నదమ్మా" అని పిల్లవాడన్నను తెల్లవారువరకు ఆగరాదు. కంటిలోపల రక్తము చేరియుండవచ్చును. లోపలి ఒత్తిడి పెరిగి, కొన్నియేండ్లకు నీటికాసులు వచ్చి చూపు పోవచ్చును.

తుపాకిని వీధిలోనికి తీసికొనిపోనీయరాదు. చూచువారికి అది బొమ్మయని తెలియదు. అమెరికాలో 1988 నాటి చట్టముచే ఇట్టి బొమ్మల కొన నారింజరంగు వేయుదురు. 2014 నవంబరు 22న క్లీవ్‌లాండు పట్టణమున పండ్రెండేండ్ల బాలుడొకడు, ఆ రంగుకొన లేని ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో పార్కులో నుండగా, నిజమైనదని తలచి పోలీసువారు కాల్చిరి. ఆ బిడ్డ మరునాడు చనిపోయెను. మన పిల్లలెందరో ఆ దేశమున పెరుగుచున్నారు. మేనమామలు, పినతల్లులు ఇక్కడినుండి బహుమతులు కొనిపోవునపుడు ఈ సంగతి స్మరింతురు గాక. బొమ్మ తుపాకిని విమానపు చేతిసంచిలో నుంచుట నిషిద్ధము. పెద్దపెట్టెలో పెట్టుటకును విమానసంస్థ నడిగి తెలిసికొనవలయును. దేశపు ఎల్లలు దాటించుటకు కస్టమ్సువారి నడుగక పూనరాదు. కొన్నిటిని నడపు మండెడు వాయువు డబ్బాలు ఏ సంచిలోను పనికిరావు. విడి లిథియము బ్యాటరీలు పవర్‌బ్యాంకువలెనే చేతిసంచిలో పోవలయును.

గురి చూచుటలో నిజమైన ఆసక్తి యున్న బిడ్డకు ఆటబొమ్మ కంటె మంచి దారి గలదు. గురువుగల శిక్షణాలయమున ఎయిర్ రైఫిలు, ఎయిర్ పిస్తోలు నేర్పింపవచ్చును. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు కాంస్యపతకము గెలిచెను. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణము, మూడు రజతములు తెచ్చెను. కోరిక కొడుకుది మాత్రమే యనుకొనక కూతురిని గూడ అడిగి చూడుడు.

కడపట లెక్కపుస్తకమునకు సంబంధించిన మాట. బజారునకు బయలుదేరునప్పుడు చీటిని రెండు వరుసలుగా వ్రాయుడు. ఎడమ ప్రక్క మందులసంచి, పేరుచీటి, మంచి జిప్పు, కంటి అద్దములు మున్నగు కాపాడు వస్తువులు. కుడి ప్రక్క రంగు పెట్టెలు, తుపాకులు మున్నగు మురిపించు వస్తువులు. ఎడమ వరుస ముగియనిదే కుడి వరుసకు కొంగుముడి విప్పకుడు. ఆపద నాడు మనకు తోడుపడునవి ఎడమ ప్రక్కవే. కుడి ప్రక్కన ఒకటి రెండు తగ్గినను ప్రయాణము సాగును, పిల్లల అలుక రెండు దినములలో తీరును.