కార్డుకు ముప్పై వేలు, కరెంటు డబ్బాకు ఎనిమిది వందలా?

పత్తి డబ్బు, మిరప డబ్బు చేతికి వచ్చిందంటే పూర్వం ఇంట్లో మొదట తలచుకునేది పాడిగేదెనో, ఆడపిల్ల గొలుసునో. ఇప్పుడు పల్నాడు పల్లెల్లో ఆ జాబితాలోకి మరొక వస్తువు వచ్చి చేరింది. ఇంటరు గట్టెక్కిన కుర్రవాడు ఆటల కంప్యూటరు కావాలంటున్నాడు. అద్దాల పెట్టె, లోపల తిరిగే పంకాలు, వాటికి రంగురంగుల దీపాలు. చూడడానికి తిరునాళ్ల ప్రభలాగా ఉంటుంది.

‘ఆటలాడుకోవడానికి అరవై వేలా?’ అని తాతగారు నోరు నొక్కుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ పెట్టె మీదనే పగలు చదువు, వీడియోల కూర్పు, దరఖాస్తుల పని కూడా జరుగుతున్నది. కొనాలా వద్దా అన్న తగవు ఆ ఇంటి పెద్దలు తేల్చుకోవలసినది. కొన్న తరువాత అది మొదటి వేసవికే బూడిద కాకుండా ఉండడం ఎలాగన్నది మాత్రం ఊరంతా ఆలోచించవలసిన విషయం.

దుకాణంలో బేరం జరిగే తీరు చూడాలి. ప్రాసెసరు ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది, ర్యామ్ ఎంత అని కుర్రవాడు గంటసేపు వాదిస్తాడు. ఆ సంగతులన్నీ అతనికి కంఠతా వచ్చు. చివరికి లెక్క రెండు వేలు ఎక్కువ తేలుతుంది. అప్పుడు కోత ఎక్కడ పడుతుంది? ఎస్.ఎం.పి.ఎస్. అనే ఇనుప డబ్బా మీద పడుతుంది. ‘కేబినెట్‌తో పాటు ఒకటి వస్తుంది లెండి, 450 వాట్లు, సరిపోతుంది’ అంటాడు దుకాణదారు. తండ్రి తల ఊపుతాడు. అక్కడ మిగిలిన రెండు వేలే ఆ తరువాత ముప్పై వేల కార్డుకు ముప్పు తెచ్చేది.

ఈ డబ్బా చేసే పని చిన్నది కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించి, కంప్యూటరులోని ప్రతి భాగానికీ పంచేది ఇదే. ప్రాసెసరు, కార్డు ముఖ్యంగా తినేది 12 వోల్టుల కరెంటు. డబ్బా నాసిరకమైతే ఊరికే ఆగిపోదు. అదుపు తప్పి 12 పంపవలసిన చోట అంతకు మించి పంపితే మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు, కార్డు ఒక్క క్షణంలో పోతాయి. మంచి డబ్బా చచ్చినా తాను ఒక్కటే చస్తుంది.

రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఐదు హార్స్ పవర్ మోటారు కొన్నవాడు సన్నని తీగతో, స్టార్టరు లేకుండా దాన్ని నడపడు. కాయిలు కాలితే మళ్లీ చుట్టించడానికి ఎంత అవుతుందో అతనికి తెలుసు. చిత్రమేమంటే, చేలో ఇంత జాగ్రత్తపడే మనిషి పట్నం దుకాణంలో గాజు తలుపు దాటగానే ఆ తెలివిని చెప్పులతోపాటు బయటే వదిలి వస్తున్నాడు.

డబ్బా మీద పెద్ద అక్షరాలలో ఉన్న వాట్లను నమ్మకూడదు. పక్కనే చిన్న అక్షరాల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి, ఆ అంకెను 12తో హెచ్చించాలి. 18 ఆంపియర్లని ఉంటే 216 వాట్లు. పైన 450 అని రాసినా, 500 అని రాసినా కార్డుకూ ప్రాసెసరుకూ అందేది ఆ 216 మాత్రమే. అసలైన 550 వాట్ల డబ్బా అయితే అదే గడిలో 40 ఆంపియర్లకు పైగా, లేదా దాని దరిదాపుల్లో కనిపిస్తుంది. ఐదో తరగతి పిల్లవాడు చేయగల ఈ హెచ్చవేత చేయకుండా వేలకు వేలు లెక్కపెట్టి ఇచ్చి వస్తున్నారు. అసలు పట్టికే లేని డబ్బాను చేతిలోకి కూడా తీసుకోనక్కరలేదు.

మరి ఎన్ని వాట్లు కావాలి? మధ్యతరగతి కుటుంబాలు కొనే రకం లెక్క వేస్తే, ఆర్‌టిఎక్స్ 3060 కార్డు 170 వాట్లు తీసుకుంటుంది. ఇంటెల్ ఐ5 12400 ప్రాసెసరు నిండా పనిచేసినప్పుడు 117. బోర్డు, డిస్కు, పంకాలకు ఇంకొక 50 లేక 60 వేసుకున్నా మొత్తం 350 లోపే. ఆ కార్డు చేసిన ఎన్‌విడియా సంస్థ చెప్పేది 550 వాట్ల డబ్బా. గ్రాఫిక్స్ కార్డు ఆటలో ఒక్కసారిగా, రెప్పపాటు కాలం, తన కొలతను మించి లాగుతుంది కనుక ఆ వెసులుబాటు ఉండాలి. అంతకు మించి 850 వాట్లని, 1000 వాట్లని కొనడం రెండెకరాల చేనుకు ట్రాక్టరు కొన్నట్లే. అదే డబ్బుతో 550లోనే మేలైనది వస్తుంది.

2004లో వచ్చిన ‘80 ప్లస్’ అనే ముద్ర గురించి అపోహలు చాలా ఉన్నాయి. కంచు, వెండి, బంగారం అంటూ దానికి మెట్లున్నాయి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వేడిగా వృథా కాకుండా పనికి వస్తున్నదో చెప్పేది మాత్రమే ఆ ముద్ర. 300 వాట్ల పనికి 85 శాతం డబ్బా 353 వాట్లు లాగితే, 70 శాతం డబ్బా దాదాపు 429 లాగుతుంది. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు తేడా తొమ్మిది యూనిట్లు. బిల్లులో అదేమంత బరువు కాదు. కాని ఆ తేడా అంతా వేడిగా మారి డబ్బాలోనే తిరుగుతుంది. పైగా ఆ ముద్రకు పరీక్ష జరిపేది 23 డిగ్రీల చల్లని గదిలో. రెంటచింతల ఎండ ఎలాంటిదో తెలిసినవారికి ఇక వేరే చెప్పాలా? అందుకే మంచి తయారీదారులు తమ వాట్లు 40 డిగ్రీల దగ్గరా, 50 డిగ్రీల దగ్గరా అన్నది కూడా రాస్తారు. 50 అని రాసినదే ఈ జిల్లాకు తగినది. లోపలి కెపాసిటర్లు 85 డిగ్రీలవి కాక 105 డిగ్రీలవి అయి ఉండాలి. వాటి చుట్టూ పది డిగ్రీల వేడి తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని ఇంజనీర్ల లెక్క.

బంగారు ముద్ర ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదనడానికి 2021లో జరిగిన ఉదంతమే సాక్ష్యం. గిగాబైట్ వంటి పేరున్న సంస్థ అమ్మిన పి750జిఎమ్, పి850జిఎమ్ అనే బంగారు ముద్ర డబ్బాలు పరీక్షలలో పేలిపోతున్నాయని అమెరికాలో గేమర్స్ నెక్సస్ అనే పరీక్షకుల బృందం చూపింది. అధిక భారం పడినప్పుడు తనంతట తాను ఆగిపోయే హద్దు 120 నుంచి 150 శాతం దాకా ఉండేదని, దానిని 110 నుంచి 120 శాతానికి తగ్గించామని ఆ ఆగస్టులో సంస్థ ప్రకటించి, మార్చి ఇచ్చేందుకు ఒప్పుకున్నది. కనుక పేరు చూసి కాదు, ఫలానా నమూనాను విడదీసి పరీక్షించినవారు ఏమన్నారో చూసి కొనాలి. కుర్రవాడు ఆటల వీడియోలు చూసే ఫోనులోనే అవీ దొరుకుతాయి. కొందరు డబ్బాను చేత్తో ఎత్తి బరువును బట్టి మంచీ చెడూ చెబుతారు. ఆ శాస్త్రం గుమ్మడికాయల దాకా పనికొస్తుంది.

ఇంతవరకూ చెప్పినది పట్నానికీ పల్లెకూ ఒకటే. పల్లె కరెంటు కథ వేరు. నిబంధనల ప్రకారం 230కి ఆరు శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 వోల్టుల మధ్య ఇంటికి అందాలి. సాయంత్రం వీధి చివరి ఇంట్లో ట్యూబులైటు మిణుకుమిణుకుమంటుంటే ఆ నిబంధన ఎవరికి గుర్తుంటుంది? డబ్బా మీద ‘100-240’ అని ఉంటే తక్కువ వోల్టేజిని అది బాగానే తట్టుకుంటుంది. ‘200-240’ అని మాత్రమే ఉన్న చవక రకం పల్లెకు పనికిరాదు. దుకాణంలో ఈ ఒక్క అంకె చదివినా సగం బెడద తప్పుతుంది.

తక్కువ వోల్టేజి కన్నా ప్రమాదం న్యూట్రల్ తెగడం. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే ఒక ఫేజు మీది ఇళ్లకు 300 దాటి 400 వోల్టుల దాకా వచ్చి పడవచ్చు. వీధి మొత్తం టీవీలు, ఫ్రిజ్‌లు ఒకే రాత్రి కాలిపోయిన సంగతి ఎరుగని ఊరు లేదు. దానికి ఎంత ఖరీదైన డబ్బా అయినా తట్టుకోలేదు. మీటరు తరువాత హై వోల్టేజి కటాఫ్ పరికరం ఒకటి పెట్టించడమే దారి. తీగలు వదులుగా ఉంటే, దీపాలు ఒక ఇంట్లో ఎక్కువ వెలిగి పక్కింట్లో తగ్గుతుంటే, కాలిపోయేదాకా ఆగకుండా 1912కు ఫోను చేయాలి. లైన్‌మన్‌ను తిట్టుకుంటూ కూర్చునే బదులు వీధివాళ్లంతా కలిసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు రాసి ఉంచుకోవడం మేలు.

ఇక ఎర్తు. పెట్టెను ముట్టుకుంటే జుమ్మని లాగుతుందని, టెస్టరు పెడితే వెలుగుతుందని చాలా ఇళ్లలో ఫిర్యాదు. దుకాణంవాడు మోసం చేశాడని తిడతారు. తరచుగా దోషం దుకాణానిది కాదు, ఇంటిది. డబ్బాలోని వడపోత కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఇనుప పెట్టెకు వదులుతాయి. అది ఎర్తు తీగ గుండా నేలలోకి పోవాలి. ఎర్తు లేకపోతే పెట్టె మీద దాదాపు సగం వోల్టేజి నిలుస్తుంది. కొత్త డాబాల్లో మూడు రంధ్రాల ప్లగ్గు గోడకు అందంగానే ఉంటుంది, పై రంధ్రం వెనుక మాత్రం తీగే ఉండదు. ఇంకా ఘోరం, కొందరు పనివాళ్లు ఆ రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపి వెళ్తారు. ఆ న్యూట్రల్ ఎక్కడ తెగినా పెట్టె మొత్తం ఫేజు ఎక్కుతుంది. దీపాల ముచ్చట తీర్చుకునే ముందు పెరట్లో గొయ్యి తీయించి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు కట్టించాలి. ఎలక్ట్రీషియను చేత మీటరుతో చూపించుకోవాలి. వేసవిలో అందులో రెండు బిందెల నీళ్లు పోస్తుండాలి. ఇదంతా కంప్యూటరు కోసమే కాదు, తడి కాళ్లతో తిరిగే పిల్లల కోసం.

ఇన్వర్టరు ఉన్నది కదా అనేవారు దాని వెనుక ఉన్న మీటను చూడాలి. కరెంటు పోయినప్పుడు మంచి డబ్బా తన నిల్వతో 12 నుంచి 17 మిల్లీసెకన్లు బండి లాగగలదు. మీట ‘యు.పి.ఎస్.’ వైపు ఉంటే ఇన్వర్టరు ఆ లోగా అందుకుంటుంది, రెండో వైపు ఉంటే ఆలస్యమై కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవుతుంది. అయితే యు.పి.ఎస్. వైపు పెడితే సుమారు 180 వోల్టుల కిందకు దిగగానే ఇన్వర్టరు బ్యాటరీకి మారుతుంది. తక్కువ వోల్టేజి ఊళ్లలో రాత్రయ్యేసరికి పంకాకు కూడా బ్యాటరీ మిగలదు. ఆట కావాలా, గాలి కావాలా అన్నది ఇంట్లో తేల్చుకోవాలి. కొత్తగా కొనేవారు సైన్ వేవ్ ఇన్వర్టరునే తీసుకోవడం మంచిది. మామూలు స్క్వేర్ వేవ్ రకం మీద ఇప్పటి మంచి డబ్బాలు కొన్ని గీపెడతాయి, కొన్ని ఆగిపోతాయి.

కాలిపోయిన డబ్బాను రెండు మూడు వందలకు బాగు చేయించడం కూడా ఊళ్లలో మామూలే. రేడియోల నాటి నుంచి బాగుచేసే చేతులకు నైపుణ్యం లేదని కాదు. రక్షణ భాగాలు తీసేసి తీగతో కలిపిన డబ్బాకు మళ్లీ ముప్పై వేల కార్డు తగిలించడమే తప్పు. ఇంట్లో ఎవరూ దాన్ని విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉంటుంది.

దుకాణదారులను అడిగితే, పల్లెవారు ధర తప్ప మరొకటి అడగరని జవాబు. అందులో కొంత నిజమున్నా, అడగని వాడికి నాసిరకం అంటగట్టవచ్చని దాని అర్థం కాదు. పట్టిక చూపి, 12 వోల్టుల లెక్క చెప్పి, ఐదేళ్ల వారంటీ ఉన్న డబ్బాకూ ఒక్క ఏడాది దానికీ తేడా చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కొనేవారు కూడా నమూనా పేరు, సీరియల్ నంబరుతో బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తానంటే ఆ తగ్గింపు వారంటీ ఖరీదే. వివాదం వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉన్నది, 2019 చట్టం కింద జిల్లా కమిషన్ ఉన్నది, కాని రెండుచోట్లా మొదట అడిగేది ఆ కాగితమే. కేబినెట్‌తో ‘ఉచితంగా’ వచ్చే డబ్బాను అక్కడే వదిలేసి, దాని విలువ తగ్గించమని అడగవచ్చు. అడిగితే తగ్గించే దుకాణాలూ లేకపోలేదు.