ఎగరేస్తే సరిపోదు, నడపాలి!

కాలేజీలో శాటిలైట్ ప్రాజెక్టు అనగానే అందరి చూపూ ప్రయోగం రోజు మీదే. రాకెట్ లేచింది, చప్పట్లు కొట్టాం, గ్రూప్ ఫొటో దిగాం, రెజ్యూమెలో ఒక లైను రాసుకున్నాం. మరి మర్నాటి నుంచి దాన్ని ఎవరు చూసుకోవాలి? అసలు ఇంజినీరింగ్ అక్కడే మొదలవుతుందని నేనంటాను. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు నేర్చుకోవాల్సిందీ అదే.

కెనడా వాళ్ల 'మోస్ట్' సంగతి చూడండి. 2003 జూన్ 30న ప్రయోగించిన ఈ బుల్లి అంతరిక్ష టెలిస్కోప్ బరువు 53 కిలోలు. సైజు పెద్ద సూట్‌కేసంత. ఖర్చు సుమారు కోటి కెనడా డాలర్లు. అంతరిక్ష టెలిస్కోపుల లెక్కలో ఇది చాలా తక్కువ. ఏడాది పనిచేస్తే చాలనుకున్నారు. 2019 మార్చి దాకా, అంటే 15 ఏళ్లకు పైగా నడిచింది!

దానికి అప్పగించింది ఒక్కటే పని: నక్షత్రాల వెలుగులో సూక్ష్మమైన హెచ్చుతగ్గులను కొలవడం. 2006లో దిశ చూసుకునే సీసీడీ వ్యవస్థ పాడైంది. రిపేరుకు పైకి ఎవరూ వెళ్లలేరు కదా! పరిశోధన కోసం పెట్టిన రెండో సీసీడీతోనే ఆ పనీ చేయించారు. 55 కాంక్రీ-ఈ అనే గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటడాన్ని 2011లో గుర్తించింది ఆ తర్వాతే. తమ సిస్టమ్ గురించి క్షుణ్ణంగా తెలిసిన టీమ్ కింద ఉంటేనే ఇలాంటివి సాధ్యం.

బడ్జెట్ తక్కువైతే ప్రతి పార్టుకూ డూప్లికేట్ పెట్టలేం. అందుకే జాగ్రత్తలు డిజైన్‌లోనే ఉండాలి. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్ రోజుకు 15 చుట్లు కొడుతుంది. మన గ్రౌండ్ స్టేషన్‌కు అందేది కొద్దిసార్లే, అదీ ఒక్కోసారి మహా అయితే పది నిమిషాలు. మిగతా రోజంతా హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లాడిలా తన సంగతి తనే చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అయితే వాచ్‌డాగ్ టైమర్ రీస్టార్ట్ చేయాలి. బ్యాటరీ పడిపోతే పరికరాలన్నీ ఆపేసి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. రేడియేషన్ దెబ్బకు మెమరీలో బిట్ తారుమారైతే, భద్రంగా దాచిన కాపీతో మళ్లీ లేవాలి. వీటికి డబ్బుకన్నా ఓపికే ఎక్కువ కావాలి. ప్రయోగానికి ముందు మొత్తం సిస్టమ్‌ను టేబుల్ మీద పెట్టి వారాల తరబడి ఆపకుండా నడిపి చూడాలి.

విద్యార్థుల వల్ల అవుతుందా అంటారా? 1998లో ప్రయోగించిన 'స్నో' శాటిలైట్‌ను కొలరాడో యూనివర్సిటీ విద్యార్థులు నిపుణుల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి నడిపారు. మన కాలేజీల్లో చిక్కల్లా ఒక్కటే. బ్యాచ్ మారగానే ప్రాజెక్టు గురించి తెలిసినవాళ్లూ వెళ్లిపోతారు. సీనియర్లు రాసిపెట్టకపోతే జూనియర్లకు మిగిలేది పాస్‌వర్డ్ తెలియని ల్యాప్‌టాప్ మాత్రమే. డాక్యుమెంటేషన్‌కూ మార్కులు వేయాలన్నది నా డిమాండ్.

అవకాశాలు మన పక్కనే ఉన్నాయి. హైదరాబాద్ సంస్థ ధ్రువ స్పేస్ తన థైబోల్ట్ ఉపగ్రహాలు రెండింటిని 2022 నవంబరు 26న పీఎస్ఎల్వీ-సీ54లో పంపింది. ఇలాంటి చోట్ల తయారుచేసేవాళ్లతో పాటు పరీక్షించేవాళ్లు, నడిపేవాళ్లూ కావాలి. స్పేస్ రంగం వద్దనుకున్నా బ్యాంక్ సర్వర్‌కైనా, మెట్రో సిగ్నల్‌కైనా పనికొచ్చే నైపుణ్యమే ఇది.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. చవకగా దొరికే ఎస్‌డీఆర్ డాంగిల్‌తో శాటిలైట్ సిగ్నళ్లు వినండి. నాసా ఉచితంగా ఇచ్చిన ఎఫ్ ప్రైమ్ ఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌ను తిరగేయండి. హాస్టల్ డాబా మీద చిన్న వాతావరణ పరికరం పెట్టి వంద రోజులు చేయి వేయకుండా నడపండి. కరెంటు పోతుంది, వైఫై పోతుంది, వాన పడుతుంది. ప్రతిదీ లాగ్‌లో రాయండి. ఇంటర్వ్యూలో 'ఏం చెడింది, మీకెలా తెలిసింది, ఎలా సరిచేశారు?' అని అడిగితే, చెప్పడానికి మీ దగ్గర వంద రోజుల జవాబు ఉంటుంది.