అరకు మట్టి, మన ఫ్రిజ్

మొన్న చలికాలంలో మా బయోటెక్ బ్యాచ్ అరకు వెళ్లొచ్చింది. పేరుకి శాంపిళ్ల ట్రిప్పు. సెల్ఫీలు, బొంగులో చికెన్ అయ్యాక గుర్తొచ్చి, కాఫీ తోటల్లో తలా రెండు గుప్పెళ్ల మట్టి కవర్లలో పోసుకున్నాం. పనికొచ్చే బ్యాక్టీరియా దొరుకుతుందేమోనని ఆశ.

ఆ కవర్లు ల్యాబ్ ఫ్రిజ్‌లోకి చేరాయి. పక్కనే ఎవరిదో కూల్‌డ్రింక్ బాటిల్! వారం తిరిగేసరికి ప్లేట్ల నిండా కాలనీలు. మూత తీసి వాసన చూసినవాళ్లూ ఉన్నారు. నేనూ చూశాను, దాచడమెందుకు. "మట్టే కదరా" అనేది అందరి సమాధానం.

మట్టే. కానీ ఏ మట్టి? పశువులకొచ్చే దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్, ఏజెన్సీకి కొత్త కాదు. 2016లో అరకు మండలంలోనే మనుషులకి చర్మ ఆంత్రాక్స్ సోకింది. ఆ బ్యాక్టీరియా స్పోర్లు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. మన ప్లేట్లలో పెరిగినవి చాలావరకు అమాయకపు బాసిల్లస్‌లే అయ్యుంటాయి, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే న్యూట్రియెంట్ అగార్ మీద కాలనీ రంగు చూసి ఏది చుట్టమో ఏది శత్రువో చెప్పగలవాళ్లు మనలో ఎవరు?

పెద్ద దేశాల్లో ఇలా ఉండదనుకోకండి. 2010-11లో అమెరికాలో సాల్మొనెల్లా 38 రాష్ట్రాల్లో 109 మందికి సోకి, ఒకరు చనిపోయారు. ఆరా తీస్తే చాలా కేసులు మైక్రోబయాలజీ టీచింగ్ ల్యాబుల దగ్గర తేలాయి. ల్యాబ్‌లో వాడిన పెన్ను, నోట్‌బుక్కు, బ్యాగూ ఇంటికెళ్తే వాటితో క్రిములూ వెళ్తాయి. జబ్బు పడినవాళ్లలో ల్యాబ్ గడప తొక్కని చిన్నపిల్లలున్నారు. మన ఫోన్ సంగతి ఒక్కసారి ఆలోచించండి. గ్లవ్స్‌తోనే రీల్స్ తోస్తాం.

నాకు అన్నిటికన్నా సిగ్గనిపించింది ప్లేట్లు పారేసినప్పుడు. పని అయిపోయిందని మామూలు డస్ట్‌బిన్‌లో వేసేశాం. మర్నాడు ఊడ్చే అక్క వాటిని వట్టి చేతుల్తో ఏరి, "ఇవి కడిగి వాడుకోవచ్చా బాబూ, మూత బాగుంది" అనడిగింది. ఆవిడకి అదొక ప్లాస్టిక్ డబ్బా. అందులో ఏముందో తెలిసిన మేం నోరు విప్పలేదు.

కల్చర్లను పుట్టినచోటే చంపి బయటికి పంపాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. అవి విద్యాసంస్థలకీ వర్తిస్తాయి. ఉత్తినే మరగబెడితే స్పోర్లు చావవు. 121 డిగ్రీల ఆవిరి కావాలి. ఆటోక్లేవ్ రిపేరులో ఉందన్న సాకూ చెల్లదు. 15 పౌండ్ల ఒత్తిడిచ్చే ప్రెషర్ కుక్కర్ కూడా అంత వేడినిస్తుంది. అరగంట తగ్గకుండా ఉంచాలి. ఆ కుక్కర్‌ని మళ్లీ హాస్టల్ మ్యాగీకి వాడకపోతే చాలు.

ఇంకో మాట. ఫ్రిజ్ కింది అరలో 'అరకు-3' అని రాసిన ప్లేటు ఇంకా ఉంది. తేదీ లేదు, పేరు లేదు. ఎవరిదో వచ్చి చెప్పండి. శుక్రవారం కుక్కర్ పెడుతున్నాం.