విత్తనానికి మిగిలిన మంద

అక్టోబరు వచ్చిందంటే అమెరికా పడమటి కొండల్లో ఎల్క్ అనే పెద్ద జింకల వేటకు రైఫిల్ సీజన్ మొదలవుతుంది. కొలరాడోలో అది విడతలు విడతలుగా నవంబరు దాకా సాగుతుంది. ఎల్క్‌లు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రం అదే. అక్కడ వాటి సంఖ్య రెండున్నర లక్షల పైమాటే. నల్లమలలో కణుజును చూసినవారికి ఎల్క్ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కణుజు కంటే ఎత్తు, బరువు, కొమ్ముల వైశాల్యం మరింత ఎక్కువ.

ఆ వేటను దగ్గరగా చూసినవారెవరూ దాన్ని సరదా అనరు. ఎదకాలంలో లోయంతా వినిపించే మగ ఎల్క్‌ల కేకలు అప్పటికి దాదాపు అణగిపోతాయి. తుపాకి చప్పుడు వింటే మందలు పైన్ అడవుల చిక్కదనంలోకి తప్పుకుంటాయి. పది వేల అడుగుల ఎత్తు, పల్చటి గాలి, మోకాళ్ల లోతు మంచు. కొలరాడోలో ఒంటి మీద మెరిసే నారింజ లేదా గులాబీ రంగు చొక్కా, తలపై టోపీ తప్పనిసరి. మరో వేటగాడి తూటాకు పొరపాటున బలికాకుండా ఉండటానికి ఆ నిబంధన. రోజుల తరబడి నడిచి, వట్టి చేతులతో దిగి వచ్చేవారే ఎక్కువ. జంతువు నేలకొరిగినా అసలు శ్రమ అప్పుడే మొదలవుతుంది. ముందు పర్మిట్ చీటీ నింపాలి. ఆపైన మాంసం చెడకుండా తొడలు, జబ్బలు వేరుచేసి, గుడ్డ సంచుల్లో కట్టి, వీపున మోస్తూ లోయ దిగాలి. ఒక ఎల్క్‌కు ఒకరైతే నాలుగైదుసార్లు ఎక్కి దిగాల్సిందే. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేస్తే నేరం. వేటాడిన మాంసాన్ని అమ్మినా నేరమే. ఇంటిల్లిపాదీ చలికాలమంతా అదే తింటారు.

ఈ వేట కబుర్లు అమెరికాలోని తెలుగువారి చెవినా పడుతుంటాయి. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో, దాని పక్కనే ఉన్న ప్లెజంటన్, శాన్ రమోన్, లివర్‌మోర్ ఊళ్లలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం ఆ ప్రాంతమంతటికీ ఇలవేల్పు కోవెలైంది. ఆఫీసులో తోటి ఉద్యోగి తాను కొట్టి తెచ్చిన ఎల్క్ మాంసం ముచ్చట చెబితే మనవాళ్లు కాస్త ముడుచుకుపోతారు. అందులో ఆశ్చర్యం లేదు. మనం విన్న కథల్లో వేటకు పాపభయం అంటుకునే ఉంది. లేడి రూపంలో ఉన్న మునిని కొట్టి పాండురాజు శాపం పొందాడు. చప్పుడును బట్టి బాణం వేసిన దశరథుడు జీవితాంతం ఆ తప్పును మోశాడు. అదే సంప్రదాయంలో శ్రీకాళహస్తి తిన్నడు కూడా ఉన్నాడు. తాను వేటాడిన మాంసాన్నే శివుడికి ప్రేమగా పెట్టాడు, శివుడు అందుకున్నాడు. జాలినీ వేటగాడి భక్తినీ రెంటినీ దాచుకున్న జాతి మనది. కాబట్టి ముక్కు మూసుకోకుండా ఈ విషయం వినగలగాలి.

వినాల్సిన కథ మరీ దూరాన లేదు, డబ్లిన్ చుట్టూ ఉన్న కొండల్లోనే ఉంది. కాలిఫోర్నియాకు మాత్రమే చెందిన ఎల్క్ ఒకటుంది. తుంగజాతి గడ్డి పెరిగే చిత్తడి నేలల్లో తిరిగేది గనక దానికి టూలీ ఎల్క్ అని పేరు. ఎల్క్‌లన్నిటిలో అదే చిన్నది. తెల్లవారు రాకముందు రాష్ట్రంలో ఇవి ఐదు లక్షల వరకు ఉండేవని అంచనా. ఇప్పుడు హైవేలూ అపార్ట్‌మెంట్లూ నిండిన డబ్లిన్ లోయలో అప్పట్లో చిత్తడి నేలలు విస్తారంగా ఉండేవి. ఇక్కడి మూలవాసులైన ఓలోనీ జనం వేటాడి బతికారు. అయినా మందలు నిలిచే ఉన్నాయి. మెక్సికో పాలనలో ఈ లోయ హోసే మరియా అమడోర్ అనే పశువుల దొర చేతికొచ్చింది. ఆ కాలపు పశువుల దొరలు గుర్రాల మీద వెంటబడి, తాళ్లు విసిరి ఎల్క్‌లను పట్టి, కొవ్వు కోసం చంపేవారు. 1849 బంగారు వెర్రితో వచ్చిపడ్డ జనానికి మాంసం అమ్ముకునేందుకు మరింత చంపారు. మిగిలిన నేలను నాగలి తీసుకుంది. 1873లో శాసనసభ ఎల్క్ వేటను నిషేధించేసరికి కాపాడటానికి దాదాపు ఏమీ మిగల్లేదు.

ఆ మిగిలిన కొద్దిపాటి ఎల్క్‌లు కెర్న్ కౌంటీలో బ్యూనా విస్టా చెరువు దగ్గరి గడ్డిలో, హెన్రీ మిల్లర్ పొలంలో బయటపడ్డాయి. మిల్లర్ జర్మనీ నుంచి వచ్చిన కసాయి. పశువుల వ్యాపారంలో లక్షల ఎకరాలు కూడబెట్టిన మనిషి. ఈ ఎల్క్‌ల జోలికి ఎవరూ పోరాదని తన కూలీలకు ఆజ్ఞ వేశాడు. హాని చేసినవారిని పట్టిచ్చినవారికి బహుమానం ప్రకటించాడు. అవి కంచెలు విరిచి పంట తొక్కినా భరించాడు. 1895లో లెక్కపెడితే 28 తేలాయి. ఈనాడు కాలిఫోర్నియాలో ఉన్న ప్రతి టూలీ ఎల్క్ ఆ పిడికెడు మంద సంతతే.

మహాభారతం అరణ్యపర్వంలో ఒక చిన్న ఘట్టం ఉంది. పాండవులు ద్వైతవనంలో ఉండగా ఒక రాత్రి ధర్మరాజు కలలోకి లేళ్లు వచ్చి వణుకుతూ నిలబడతాయి. మీరు వేటాడగా మేము విత్తనం మాదిరి కొద్దిగా మిగిలాం, మా వంశం నిలవాలి, దయచేసి మరో అడవికి వెళ్లండి అని వేడుకుంటాయి. తెల్లవారగానే ధర్మరాజు తమ్ముళ్లకు చెప్పి కామ్యకవనానికి ప్రయాణం కడతాడు. ఆకలున్న రైతు కూడా విత్తనపు గింజలను వండుకోడు. ధర్మరాజు ఆనాడు వేటను పాపమని మానలేదు, విత్తనానికి చేరిన చోట ఆగాడు. మిల్లర్‌కు ఆ కథ తెలిసే వీల్లేదు. చేసిన పని మాత్రం అదే.

తర్వాతి అధ్యాయం ఒక గృహిణిది. లాస్ ఏంజెలెస్‌కు చెందిన బ్యూలా ఎడ్‌మిస్టన్ 1960లో టూలీ ఎల్క్‌ల కోసం ఒక కమిటీ పెట్టింది. 1930లలో ఓవెన్స్ లోయకు తరలించిన మంద కాస్త పెరగగానే, పశువుల రైతుల ఫిర్యాదులపై ప్రభుత్వం మళ్లీ వేటకు అనుమతులిస్తుండేది. ఆమె ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసింది, శాసనసభ్యులను కలిసింది. 1971లో చట్టం వచ్చింది. రాష్ట్రంలో టూలీ ఎల్క్‌లు రెండు వేలు దాటేదాకా, లేదా వాటికి ఇక అనువైన చోటు లేదని తేలేదాకా వేట వద్దన్నది ఆ చట్టం. 1976లో అమెరికా కాంగ్రెస్ కూడా తన భూముల్లో వాటికి చోటివ్వమంది. అధికారులు వాటిని పట్టి రాష్ట్రమంతటా కొత్త చోట్లకు చేర్చారు. 1978లో పాయింట్ రేయస్‌కు పది వెళ్లాయి. ఆ దశాబ్దం చివర్లోనే డబ్లిన్‌కు దక్షిణాన ఉన్న మౌంట్ హామిల్టన్ కొండలకు కొన్ని వచ్చాయి. ఇప్పుడు రాష్ట్రంలో ఐదు వేల పైచిలుకు ఉన్నాయి. సంఖ్య రెండు వేలు దాటాక 1989లో పరిమితమైన వేట మళ్లీ మొదలైంది. ఏటా లాటరీ తీసి కొద్దిమందికే అనుమతి ఇస్తారు. వేల మంది దరఖాస్తు చేస్తారు, అవకాశం రాక కొందరు దశాబ్దాలు ఎదురుచూస్తారు. ముందు మందను లెక్కిస్తారు, ఎన్నిటిని తీస్తే మంద నిలుస్తుందో తేల్చి అన్ని చీటీలే ఇస్తారు.

ఈ పద్ధతిని మనం గౌరవించాలి. చంపడం ఇష్టం లేనివారు సైతం గౌరవించదగ్గది అందులో ఉంది. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను పడుతుంది. ఆ సొమ్ము రాష్ట్రాలకు వెళ్లి అడవులకు, జంతువుల లెక్కలకు, మందల తరలింపుకు ఖర్చవుతుంది. అంటే కొండల్లో మనం సెలవు రోజున నడుస్తూ మురిసిపోయే జంతువుల కోసం దాదాపు తొంభై ఏళ్లుగా వేటగాళ్లు కూడా డబ్బు కడుతున్నారు. కాలిఫోర్నియా మరో అడుగు వేసింది. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసపు ముక్కలు తిని కాండర్ రాబందులు చస్తున్నాయని, 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. 1987లో ఆ రాబందులు లోకంలో మొత్తం 27 మాత్రమే మిగిలాయి, అవి కూడా పంజరాల్లో.

మన దేశం వేరే దారి పట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలతో చట్టబద్ధమైన వేట దాదాపు లేనట్టే. అది మన జనసాంద్రతకు, మన మనసుకు తగిన దారే. తెలంగాణ తన రాష్ట్ర జంతువుగా మచ్చల జింకను, ఆంధ్రప్రదేశ్ కృష్ణజింకను ఎంచుకున్నాయి. అయితే పంట చుట్టూ అడవిపందుల కోసం కట్టే కరెంటు తీగలకు జింకలు, చిరుతలు, పెద్దపులులు, ఒక్కోసారి మనుషులు కూడా బలవుతూనే ఉన్నారు. ఉచ్చుల్లో పడి చచ్చే కణుజుల లెక్క ఎవరి దగ్గరా సరిగా ఉండదు. నిషేధం రాసిపెట్టి లెక్క వదిలేస్తే మందకు మేలు జరగదు. రెండు రాష్ట్రాల అటవీ శాఖలకూ మనుషులు, డబ్బు ఇంకా కావాలి. పంట నష్టపోయిన రైతుకు పరిహారం చేతికి వెంటనే అందాలి. ఈ రెండూ జరగనిదే తీగలు పోవు.

డబ్లిన్ దగ్గరికే మళ్లీ వద్దాం. ఇక్కడి ఎల్క్‌లకు ఈనాడు తుపాకి కంటే రోడ్డు పెద్ద ఆటంకం. శాన్ హోసేకు దక్షిణాన కయోటీ లోయ దగ్గర 101 హైవే దాటలేక మందలు తూర్పు కొండల్లోనే ఆగిపోతున్నాయి. కొండ వాలుల మీద ఇళ్లు పెరిగేకొద్దీ ఆ నేల ఇంకా చీలిపోతుంది. మనం కొనుక్కునే ఇళ్లు కూడా అందులో ఉన్నాయి. అందుకని హైవేల మీద జంతువుల దారులు కట్టే ప్రతిపాదనలు, కొండ భూములను వదిలేయాలా కట్టాలా అనే నగర సభల చర్చలు మనకు సంబంధం లేనివి కావు. పౌరులైన తెలుగువారు ఆ సభలకు వెళ్లి మాట్లాడాలి. పిల్లలను దగ్గర్లోని సనోల్ కొండలకు తీసుకెళ్లి, ఈ నేలపై మనకంటే ముందు ఎవరున్నారో చెప్పాలి.

వేటాడని వారికీ ఒక చిన్న వీలుంది. కాలిఫోర్నియా రాష్ట్ర ఆదాయపన్ను ఫారంలో స్వచ్ఛంద విరాళాల భాగం ఉంటుంది. అందులో అరుదైన, అంతరించిపోతున్న జీవుల సంరక్షణ నిధికి ఒక గడి ఉంది. వచ్చే ఏప్రిల్‌లో పన్ను దాఖలు చేసేటప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలేయకండి.