ఎవరి మాట తప్పు?

ఇంగ్లీషు నిఘంటువులో కొన్ని మాటల పక్కన ‘మాండలికం’ అనో ‘పాతబడినది’ అనో ముద్ర ఉంటుంది. అది చూడగానే ఆ మాట మనకు పనికిరాదని తీర్మానించేస్తాం. ఈ తొందర మంచిది కాదని నా అభిప్రాయం.

1916లో పుస్తకంగా వచ్చిన జేమ్స్ జాయిస్ నవల ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ ఆజ్ ఎ యంగ్ మాన్’లో స్టీఫెన్ అనే డబ్లిన్ విద్యార్థి గరాటును ‘టన్‌డిష్’ అంటాడు. ఇంగ్లండునుంచి వచ్చిన డీన్‌గారికి ఆ మాటే తెలియదు. ఐర్లండులో అలా అంటారు కాబోలనుకుంటాడు. తరువాత కుర్రవాడు నిఘంటువు తిరగేస్తే తేలిందేమిటయ్యా అంటే, అది సిసలైన ఇంగ్లీషు మాటే! షేక్‌స్పియర్ ‘మెజర్ ఫర్ మెజర్’లో వాడినదే. సొంతదారు పారేసుకున్న సొమ్మును పొరుగువాడు దాచిపెట్టాడన్నమాట.

ఒకరినైనా పదిమందినైనా ప్రామాణిక ఇంగ్లీషులో ‘యూ’ అనే అంటారు. ఐర్లండులో చాలాచోట్ల పదిమందికి పాతకాలపు ‘యీ’ నేటికీ వాడుతున్నారు. ఐరిష్ భాషలో ఒకరికి ‘తూ’, పలువురికి ‘షివ్’ ఉన్నాయి మరి. నువ్వు, మీరు ఎరిగిన మనకు ఆ అవసరం వేరే చెప్పాలా?

‘ఇప్పుడే తిన్నాను’ అనడానికి అక్కడివాళ్ళు ‘ఐయామ్ ఆఫ్టర్ ఈటింగ్’ అంటారు. మన పరీక్షలో రాస్తే ఎర్రసిరా గీత ఖాయం. కాని అది ఐరిష్ వాక్యపద్ధతి ఇంగ్లీషు వేషం కట్టిన తీరు. ఇక మనం దర్జాగా రాసే ‘గెలోర్’ ఐరిష్ ‘గొ ల్యోర్’నుంచి వచ్చిందే. దానికి గీత పడదేం?

యార్క్‌షైర్‌లో చిన్ననాడే మిల్లు పనికి వెళ్ళిన జోసెఫ్ రైట్ పదిహేనేళ్ళు వచ్చేదాకా చదవడం ఎరగడు. ఆయనే ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడై, 1898-1905 నడుమ ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువు వెలువరించాడు. పల్లెమాటల విలువ పల్లెనుంచి వచ్చినవాడికి తెలిసింది.

పరీక్షలకు ప్రామాణిక భాష అక్కర్లేదని నేననను. గురువులకూ మిత్రులకూ నా మనవి ఒకటే: క్లాసులో ఎవరి నోటనైనా తెలియని మాట వస్తే, నవ్వేముందు నిఘంటువు తెరవండి. ఒకసారి నవ్వులపాలైన కుర్రాడు ఏడాదంతా నోరు విప్పడు.