తలకు దెబ్బ తగిలిన మనవాడు లెక్కలో ఉండాలి

కువైట్‌లోని తెలుగు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు విజ్ఞప్తి

పరంజా ఎక్కి పనిచేసే అన్నలారా, సేటు బండి నడిపే తమ్ముళ్ళారా, బైకుల మీద డెలివరీకి తిరిగే పిల్లలారా, ఇళ్ళల్లో పనిచేసే అక్కలారా!

మన బతుకుతెరువు ఎత్తుల మీదా, రోడ్ల మీదా, తడి మెట్ల మీదా ఉంది. చెయ్యి విరిగితే కట్టు కడతారు, అతుక్కుంటుంది. తలకు దెబ్బ తగిలితే కథ అంతటితో అయిపోదు. ప్రాణం దక్కినా మాట తడబడొచ్చు, కోపం పట్టలేకపోవచ్చు, నిన్న జరిగింది ఇవాళ గుర్తుండకపోవచ్చు. అట్లాంటివాణ్ణి విమానం ఎక్కించి రాజంపేటకో, రాయచోటికో, నర్సాపురానికో, జగిత్యాలకో పంపేస్తే, తర్వాత ఏమయ్యాడో ఇక్కడ ఆపరేషన్ చేసిన డాక్టరుకు తెలియదు. ఇక్కడ ఏం చేశారో అక్కడి డాక్టరుకు తెలియదు. ఆ మనిషి ఏ పరిశోధనలోనూ ఉండడు. మనలాంటివాళ్ళు పరిశోధనలో లేకపోతే మనకు ఏ వైద్యం పనిచేస్తుందో తేలేదెట్లా?

ఈ కరపత్రం ఆ ఒక్క విషయం కోసమే.

కువైట్ జనాభాలో మూడింట రెండొంతులకు పైగా బయటి దేశాలవాళ్ళమే. అందులో అందరికంటే ఎక్కువమంది భారతీయులం, సుమారు పది లక్షలు. మెదడుకు, వెన్నుపాముకు సంబంధించిన పెద్ద ఆపరేషన్లకు ఇక్కడ పేరున్నది సబాహ్ వైద్య ప్రాంతంలోని ఇబ్న్ సినా ఆసుపత్రి. ప్రాణాలు నిలబెట్టే చేతులు అక్కడ ఉన్నాయి. మేం మాట్లాడుతున్నది ఆ చేతుల నైపుణ్యం గురించి కాదు, ప్రాణం నిలబడ్డాక మన సంగతి ఎవరి పుస్తకంలో రాస్తున్నారనేదాని గురించి.

"పరిశోధనలతో కూలోళ్ళకేం పని?" అంటారా? వినండి. తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్ళకు మెదడు వాపు తగ్గుతుందని స్టెరాయిడ్ ఇవ్వడం ముప్పై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా ఉన్న అలవాటు. అది మేలు చేస్తుందా అని పెద్ద ఎత్తున పరీక్షించింది క్రాష్ అనే అధ్యయనం. 49 దేశాల్లో 10,008 మంది రోగులను చేర్చుకుని, 2004లో ఫలితం చెప్పింది. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో రెండు వారాల్లో చనిపోయినవాళ్ళు 21 శాతం, తీసుకోనివాళ్ళలో 18 శాతం. మేలు అనుకున్న మందు కీడు చేస్తోంది! ఎవరూ లెక్క చూడనన్నాళ్ళూ, మంచి చేస్తున్నామనుకుంటూనే డాక్టర్లు దాన్ని ఇస్తూ వచ్చారు. లెక్క ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

అదే వరసలో 2019లో వచ్చిన క్రాష్-3లో 29 దేశాలవాళ్ళు 12,737 మంది ఉన్నారు. రక్తస్రావాన్ని అదుపుచేసే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే చౌక మందును దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తే, మరీ తీవ్రం కాని తలదెబ్బల్లో చావులు తగ్గుతాయని తేలింది. ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు చూసుకుంటాడు. ఆ మూడు గంటలు మాత్రం మన చేతిలో ఉన్నాయి. "ఏం కాలేదులే, కాస్త తిరిగింది అంతే" అని గదికి తీసుకొచ్చి పడుకోబెట్టొద్దు. పైకి బాగానే మాట్లాడినా పుర్రె లోపల నెత్తురు చేరుతూ ఉండొచ్చు. వాంతులవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మగత కమ్ముతున్నా, ఒక చెయ్యి పట్టు తప్పినా వెంటనే 112కి ఫోన్ చెయ్యండి.

పెద్ద దేశాలు చెప్తే పేద దేశాలు వినడం ఒక్కటే దారి కాదు. పుర్రెలోని ఒత్తిడిని కొలవడానికి ఖరీదైన పరికరం పెడితే తప్ప మంచి వైద్యం కాదని చాలాకాలం అనుకున్నారు. అది లేని బొలీవియా, ఈక్వడార్ ఆసుపత్రుల్లో 324 మంది రోగులతో అధ్యయనం చేసి, స్కాన్లు తీస్తూ రోగిని జాగ్రత్తగా పరీక్షిస్తూ చేసిన వైద్యంలోనూ ఫలితాలు దాదాపు సమానమేనని 2012లో ప్రకటించారు. ప్రపంచమంతా ఆ మాట విని ఆలోచనలో పడింది. పేదవాళ్ళ ఆసుపత్రిలో పుట్టిన ప్రశ్న అది.

మన దగ్గరా అట్లాంటి ప్రశ్నలు పుట్టాయి. ఫ్లోరైడ్ నీళ్ళ జబ్బును మన దేశంలో మొట్టమొదట 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ తర్వాత ఎముకలు ఉబ్బి వెన్నుపామును నొక్కేసి కాళ్ళు పడిపోయిన మన రైతులను పరీక్షించి, ఆ సంగతి ప్రపంచానికి రాసినవాళ్ళలో హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఒకరు. ఇంకొకటి చెప్పాలి, ఇది చదివిన ప్రతిసారీ గర్వంగా ఉంటుంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ ఆళ్ళాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరీక్షించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళకు ఆ జబ్బు దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వస్తోందని 2013లో చెప్పింది. చదువురానివాళ్ళలోనూ అదే కనిపించింది. తెలుగూ, ఉర్దూ కలిపి మాట్లాడుకునే మామూలు జనం అంత పెద్ద విషయం తేల్చడానికి పనికొచ్చారు. వాళ్ళను వాళ్ళ భాషలో అడిగారు కాబట్టే అది సాధ్యమైంది.

ఇక్కడ మనల్ని ఏ భాషలో అడుగుతున్నారు? తలదెబ్బతో వచ్చినవాడి స్పృహను ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా గ్లాస్గో కొలతతోనే చూస్తారు. 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కాళ్ళూ చేతుల కదలికకు 6, మొత్తం 15. ఇప్పుడు మన కడప మనిషి మంచం మీద ఉన్నాడనుకోండి. నర్సమ్మ ఇంగ్లీషులోనో అరబ్బీలోనో పేరేంటి, ఇది ఏ ఊరు, ఇప్పుడు ఏ నెల అని అడిగింది. ఆయన తెలుగులో "మా పాప ఫోన్ చేసిందేమో చూడండి" అన్నాడు. పూర్తి తెలివితో అన్న మాట. కానీ వినేవాళ్ళకు తెలుగు రాదు. అర్థంకాని శబ్దం అని మాటకు 2 వేస్తే 15 ఉండాల్సినవాడు 12కి పడిపోయాడు, తేలిక దెబ్బ మధ్యరకం దెబ్బయింది. దీనికి ఎదురుగా ఇంకొకడు "బావిలో ఎద్దు పడింది, తాడు పట్రాండి" అంటున్నాడు. వాడికి నిజంగానే మతి చెదిరింది. తెలుగు తెలిసినవాడు పక్కనుంటే ఒక్క మాటలో పట్టేస్తాడు. లేకపోతే వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుతున్నాడులే అని వదిలేసే ప్రమాదముంది. రెండు తప్పులూ రికార్డులోకి ఎక్కుతాయి. ఆ రికార్డు మీదే వైద్యం నడుస్తుంది, ఆ రికార్డులతోనే పరిశోధనా నడుస్తుంది.

తలదెబ్బ అధ్యయనాల్లో అసలు తీర్పు ఆర్నెల్లకు చెప్తారు. మనిషి ఇంట్లో ఒంటరిగా ఉండగలడా? అంగడికి వెళ్ళి సరుకులు తెచ్చుకోగలడా? మళ్ళీ పనిలోకి వెళ్ళాడా? ఇంట్లోవాళ్ళతో మునుపటిలా ఉంటున్నాడా? ఇవీ ప్రశ్నలు. ఫోన్లో అడిగినా సరిపోతుంది. నెలా రెండు నెలలకే ఊరికి వెళ్ళిపోయే మనవాళ్ళు సరిగ్గా ఈ ప్రశ్నల దగ్గరే జారిపోతారు. ఇప్పుడంతా కంప్యూటర్లే స్కాన్లు చదివేస్తాయంటున్నారు. నిజమే, 2018లో ఒక భారతీయ సంస్థ మన దేశంలోని 3,13,318 తల స్కాన్లతో పనిచేసి, నెత్తురు గడ్డను గుర్తుపట్టడం యంత్రానికి నేర్పింది. మంచిదే. కానీ ఇంటికెళ్ళిన మనిషి రాత్రిళ్ళు నిద్రపోతున్నాడా, బిడ్డలను గుర్తుపడుతున్నాడా అన్నది స్కానులో కనిపించదు. దానికి ఒక తెలుగు గొంతు కావాలి.

ఇందులోనూ అందరికంటే వెనక ఉన్నవాళ్ళు ఖల్లివల్లి అన్నదమ్ములు, అక్కలు. అకామా (నివాస అనుమతి) లేదని, పట్టుకుంటారని దెబ్బ తగిలినా దాచుకుంటారు. ఇంటిపని అక్కల సంగతి ఇంకోరకం. జారిపడ్డా నాలుగు గోడల మధ్యే, చూసేవాళ్ళు ఉండరు. వీళ్ళను వదిలేసి తీసిన లెక్క ఏ లెక్కా కాదు.

ఇక మేం అడిగేది ఊరేగింపులు, ధర్నాలు కాదు. ఈ దేశ చట్టానికి కట్టుబడే మాట్లాడుతున్నాం. ఆసుపత్రి పెద్దలకు మన మనవి: రోగి మాతృభాష కేసు కాగితంలో రాయండి, పరిశోధనలో చేర్చుకునేటప్పుడు అనుమతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించండి. రోగికి అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలన్నది 1964 నాటి హెల్సింకీ ప్రకటన నుంచీ వైద్యలోకం ఒప్పుకున్న నియమమే. పరిశోధనల్లో చోటు దొరకనివాళ్ళకు చోటివ్వాలని 2024లో దాన్ని సవరించినప్పుడు కూడా చెప్పారు. భారత రాయబార కార్యాలయం ఓపెన్ హౌస్‌లో మనం అడగాల్సింది, ఆసుపత్రికి పిలిస్తే వచ్చే తెలుగువాళ్ళ జాబితా ఒకటి. రెండు తెలుగు ప్రభుత్వాలను అడగాల్సింది, గల్ఫ్ నుంచి తలదెబ్బతో తిరిగొచ్చినవాళ్ళను హైదరాబాద్ నిమ్స్‌లోనో, తిరుపతి స్విమ్స్‌లోనో ఆర్నెల్లకు, ఏడాదికి పిలిచి చూసే ఏర్పాటు.

మనం చెయ్యాల్సిందీ ఉంది. డిశ్చార్జ్ కాగితం, స్కాన్ సీడీ లేకుండా ఎవరినీ విమానం ఎక్కించొద్దు. ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చెయ్యండి, అసలు కాగితం చేతి సంచిలోనే ఉంచండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నవాళ్ళకు ప్రమాదంలో శాశ్వత వైకల్యం వస్తే పది లక్షల దాకా వస్తుంది. దానికీ ఆ కాగితాలే ఆధారం. ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు నర్సులు, ల్యాబ్‌వాళ్ళు, స్కాన్ టెక్నీషియన్లు డ్యూటీ లేని రోజు ఒక గంట ఇవ్వండి. ఒకరు మాట సాయం చేస్తే, ఇంకొకరు ఆర్నెల్లకు ఊరికి ఫోన్ చేసి ఆ నాలుగు ప్రశ్నలూ అడగొచ్చు.

ఇక్కడ బడికెళ్ళే మన పిల్లలకూ ఒక మాట చెప్పండి. డాక్టరు చదువుకు పెట్టే ప్రవేశ పరీక్ష నీట్‌ను 2021 నుంచి కువైట్‌లోనే రాయవచ్చు. మన తెలుగు నేల పక్కనున్న మద్రాసులో టి.ఎస్. కనక 1968లోనే న్యూరోసర్జరీ పట్టా తీసుకుని ఆసియాలో తొలి మహిళా న్యూరోసర్జన్లలో ఒకరయ్యారు. "ఆడపిల్లకు అంత కష్టమైన చదువెందుకు" అని ఏ ఇంట్లోనూ అనకండి.

ఈ శుక్రవారం మాలియాలో కలిసినా, ఫర్వానియాలో, మహబూలాలో, ఫహాహీల్‌లో గదిలోనే ఉన్నా, ఈ కాగితం పక్కవాడికి చదివి వినిపించండి. మీకు తెలిసినవాళ్ళలో తలదెబ్బతో ఊరికెళ్ళినవాళ్ళుంటే ఈ రాత్రే ఫోన్ చెయ్యండి. ఎట్లా ఉన్నాడో, పని చేసుకోగలుగుతున్నాడో, కాగితాలు భద్రంగా ఉన్నాయో అడగండి. ఓపెన్ హౌస్‌కు తీసుకెళ్ళే అర్జీ మీద మీ పేరు, సివిల్ ఐడీలో ఉన్నట్టుగానే రాసి సంతకం పెట్టండి. సంతకం రాని అక్కలు వేలిముద్ర వెయ్యండి, అదీ చెల్లుతుంది.

ఇట్లు,
కువైట్‌లోని మీ తోటి తెలుగు కార్మికులు, నర్సులు